మెడ మీద గడ్డ: నొప్పి ఉన్నా, లేకపోయినా అశ్రద్ధ వద్దు



మెడ మీద గడ్డ కనబడగానే కొందరు క్యాన్సరని హడలిపోతారు. కొందరు సున్నమో, పసరో పూసి నెలల తరబడి ఊరుకుంటారు. రెండూ మంచివి కావు.

మన దవడ కింద, చెవుల వెనుక, మెడ పక్కల చిన్న చిన్న లింఫు గ్రంథులున్నాయి. ఇవి శరీరానికి కావలివాళ్ళు. నోట్లోగాని, గొంతులోగాని క్రిములు చేరితే వాటితో పోరాడి వాస్తాయి. దీన్నే మనం 'బిళ్ళ కట్టింది' అంటాము.

నొప్పితో వచ్చే గడ్డకు ముఖ్య కారణాలు:

1. పుచ్చిపన్ను, చిగుళ్ళలో చీము.
2. గొంతునొప్పి, టాన్సిల్స్ వాపు, చెవిపోటు.
3. పిల్లల తలలో పేలు, కురుపులు.
4. గవదబిళ్ళలు. చెవి కింద బుగ్గ వాచి జ్వరం వస్తుంది.
5. లాలాజల గ్రంథిలో రాయి. అన్నం తినేటప్పుడు వాపు, నొప్పి ఎక్కువవుతాయి.
6. చర్మం మీద సెగగడ్డ. దీన్ని పిండకూడదు.
7. థైరాయిడ్ వాపు. గుటక వేస్తే గడ్డ పైకీ కిందికీ కదులుతుంది.

గొంతునొప్పితో కట్టిన బిళ్ళ సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

నొప్పి లేదు గదా అని ధీమాగా ఉండకండి. పెద్దలు గండమాల అని పిలిచిన క్షయ (టి.బి.) గడ్డ మొదట్లో తరచుగా నొప్పి పెట్టదు. తరువాత గడ్డలు ఒకదానికొకటి అతుక్కుని, మెత్తబడి, పగిలి చీము కారుతాయి. సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం ఉండవచ్చు. గట్టిగా, కదలకుండా పెరిగే గడ్డ క్యాన్సర్ కావచ్చు. గుట్కా, పొగాకు అలవాటున్నవారు మరింత జాగ్రత్త పడాలి. సన్న సూదితో గడ్డలోని కణాలు తీసి పరీక్షిస్తే చాలావరకు సంగతి తెలుస్తుంది. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్నది అపోహ.

ఆడపిల్లకు పెళ్ళి కాదేమోనని టి.బి.ని దాచిపెట్టకండి. గ్రంథులకు మాత్రమే వచ్చిన టి.బి. ఇతరులకు అంటదు. కంచం, గ్లాసు వేరు చేయనక్కరలేదు. ఊపిరితిత్తులలో కూడా ఉందేమో పరీక్ష చేయించాలి. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. సాధారణంగా ఆరు నెలలు వాడాలి. పోషణ కోసం 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నారు. పనికోసం బీదర్‌కో, హైదరాబాదుకో వెళ్ళేవారు ముందుగా చెబితే అక్కడే మందులు అందేలా చూస్తారు. గడ్డ కరిగిందని మధ్యలో మానవద్దు.

ఊపిరాడకపోయినా, మింగలేకపోయినా, నోరు తెరవలేకపోయినా, దవడ కింద వాపు గంటగంటకు పెరుగుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి. గడ్డకు వాతలు పెట్టించకండి, మీరే కోయకండి. తొందరగా వస్తే వైద్యం సులువవుతుంది.