లెక్క మన కళ్ళ ముందు తేలాలి

(పోలింగ్ ఏజెంట్ల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న ఎన్నికలయ్యాక మా పల్లెలో ఒక ముసలవ్వ నన్ను ఆపి అడిగింది. "నాయనా, మీట నొక్కితే అద్దంలో చీటీ కనబడింది. నేనేసిన గుర్తే కనబడింది. తర్వాత అది డబ్బాలో పడిపోయింది. ఆ చీటీని ఎవరన్నా లెక్కబెట్టారా?"

నేను నసిగాను. నిజం చెప్పాలంటే, "లేదవ్వా, నూటికి తొంభై ఎనిమిది బూతుల్లో ఎవరూ లెక్కబెట్టరు" అని చెప్పాలి. ఏడు సెకన్లు కనబడి, డబ్బాలో పడి, సీలేసిన గదిలో ఉండిపోయే చీటీ అది. ఆ డబ్బా పేరే వి.వి.ప్యాట్.

ఓడిన పార్టీలు మిషన్ను తిడతాయి, గెలిచినప్పుడు అదే మిషన్ మంచిదవుతుంది. ఆ నాటకం మనకు తెలిసిందే. అవ్వ అడిగింది అది కాదు. ఆమె తన ఓటుకు రసీదు చూసింది, ఆ రసీదుతో లెక్క సరిచూశారా అని అడుగుతున్నది. కూలి డబ్బులు ఇచ్చేటప్పుడు మేస్త్రీని అడిగినట్టే అడిగింది. తప్పేముంది?

ఇప్పుడున్న పద్ధతి చెబుతాను. 2019 ఏప్రిల్ దాకా అసెంబ్లీ నియోజకవర్గానికి ఒక్క బూతు చీటీలే లెక్కబెట్టేవాళ్ళు. సగం బూతులన్నా లెక్కబెట్టమని 21 పార్టీలు సుప్రీంకోర్టుకు పోయినయి. మన చంద్రబాబు నాయుడు పేరు మీదనే ఆ కేసు. కోర్టు ఒకటిని అయిదు చేసింది. అన్నీ లెక్కబెట్టమని మళ్ళీ అడిగితే 2024 ఏప్రిల్ 26న కాదన్నది. 250 బూతులున్న చోట 5 అంటే నూటికి రెండు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు గదా అని వాళ్ళ వాదన. మెతుకు సామెత మనదే, మన అమ్మలదే. కాని అది ఒక కుండలో వండిన అన్నానికి చెప్పిన మాట. 250 బూతులంటే 250 కుండలు, వేరు వేరు పొయ్యిల మీద, వేరు వేరు చేతులు వండినవి. అందులో అయిదు కుండల్లో తేడా ఉందనుకోండి. లాటరీ తీసి అయిదు కుండలు చూస్తే, వాటిలో ఒక్కటన్నా దొరికే అవకాశం పదింట ఒక వంతు మాత్రమే. వేలల్లో మెజారిటీ వస్తే ఆ అయిదు బూతుల తేడా ఫలితాన్ని మార్చకపోవచ్చు. రెండొందల ఓట్లతో గెలిచిన చోటో? అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2017 నుంచి మెజారిటీని బట్టి చూస్తున్నది. తేడా తక్కువైతే ఎక్కువ కాగితాలు తీసి చూస్తారు. మనకేమో లక్ష మెజారిటీకీ అయిదే, వంద మెజారిటీకీ అయిదే.

బాలెట్ కాలమే బాగుందని కొందరు అంటుంటారు. నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో మన పల్లె ఓట్లు మనం నిద్ర లేవకముందే పడిపోయిన ఊళ్ళు ఎన్ని లేవు? దొరల మనుషులు కట్టలు కట్టలుగా గుద్దేవాళ్ళు. మిషన్ నిమిషానికి నాలుగైదు ఓట్ల కంటే తీసుకోదు. ఆ మేరకు మనకు మేలే జరిగింది. నేను మిషన్ వద్దనడం లేదు, దాని లెక్కకు సాక్ష్యం కావాలంటున్నాను.

ఇంకో సంగతి. తప్పంతా మిషన్లోనే ఉంటుందనుకోవద్దు. మన రెండు రాష్ట్రాల్లో సర్పంచి ఎన్నికలు బాలెట్ మీద జరుగుతూ వచ్చాయి గాని, హర్యానాలో మిషన్ మీద జరుగుతాయి. అక్కడ పానిపట్ జిల్లా బువానా లాఖు అనే ఊళ్ళో 2022 నవంబరులో సర్పంచి ఎన్నిక జరిగింది. ఓడిపోయావన్న మనిషి ఊరుకోలేదు, బూతు లెక్క తప్పని కోర్టులు తిరిగాడు. చివరికి 2025లో సుప్రీంకోర్టు మిషన్లను ఢిల్లీ తెప్పించి, తన రిజిస్ట్రారు చేత లెక్కబెట్టించింది. ఓడిన మనిషికి 1051, గెలిచినతనికి 1000. మిషన్లో అంకె సరిగానే ఉంది, కాగితం మీదకు వచ్చేసరికే తారుమారైంది. ఆ ఊరి తీర్పు ఆ ఊరికి అందడానికి దగ్గర దగ్గర మూడేళ్ళు పట్టింది.

అందుకే 17సి ఫారం గురించి గట్టిగా చెబుతున్నాను. పోలింగ్ అయిపోగానే ఎన్ని ఓట్లు పడినయి, మిషన్ నంబరెంత, సీళ్ళ నంబర్లెంత అనేది ప్రిసైడింగ్ ఆఫీసరు 17సిలో రాసి, అక్కడున్న ప్రతి ఏజెంటుకూ నకలు ఇవ్వాలి. అది దయ కాదు, రూలు. నేను ఒకసారి ఏజెంటుగా కూర్చున్నాను. పొద్దున్నుంచీ టీనీళ్ళ మీదే ఉన్నాను. సాయంత్రం ఆఫీసరు, "ముట్టిందని సంతకం పెట్టు, కాగితం తర్వాత ఇస్తా, బస్సు ఎదురుచూస్తున్నది" అన్నాడు. పెద్ద ఊరి ఏజెంట్లకు ముందే ముట్టింది. నేను సంతకం పెట్టాను. బస్సు పోయింది, కాగితం రాలేదు. కౌంటింగ్ రోజు పోల్చి చూడటానికి మా చేతిలో ఏమీ లేదు. ఆ తప్పు ఆయనది ఎంతో, ఖాళీ చేతికి సంతకం పెట్టిన నాదీ అంతే.

ఓడిన మనిషి తనిఖీ అడగొచ్చని 2024 తీర్పులో ఒక వీలిచ్చారు. రెండో, మూడో స్థానంలో వచ్చినవాళ్ళు ఏడు రోజుల్లోపు నియోజకవర్గంలో నూటికి అయిదు మిషన్ల తనిఖీ కోరవచ్చు. ఖర్చు అడిగినవాళ్ళదే, మోసం తేలితే తిరిగిస్తారు. 2024లో ఒక్కో సెట్టుకు 40 వేలు, పైన జి.ఎస్.టి. అనుమానం తీర్చుకోవడానికి కూడా ఆస్తి ఉండాలన్న మాట! మన రిజర్వుడు నియోజకవర్గంలో చందాల మీద నిలబడ్డ బిడ్డ ఎక్కడినుంచి తెస్తాడు? ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

ఇప్పుడు మనకు మాత్రమే ఉన్న బాధ చెబుతాను. పట్నం మేధావులు దీన్ని అంతగా పట్టించుకోరు. లెక్క ఎంత విప్పి చూపితే అంత మంచిదని వాళ్ళంటారు. మన పల్లెకు ఒక బూతు ఉంటుంది. ఫారం 20లో బూతువారీగా ఎవరికెన్ని పడినయో అచ్చేస్తారు. అది చూసి ఊరి పెద్ద, "మీ గూడెం మాకు వెయ్యలేదు గదా" అంటాడు. మర్నాటి నుంచి కూలి పిలుపు ఉండదు, చెరువు గట్టు మీద గొడ్డును మేపనివ్వరు. బాలెట్ కాలంలో బూతుల కాగితాలు కలిపి లెక్కబెట్టే పద్ధతి ఉండేది. మిషన్ వచ్చాక ఆ చాటు పోయింది. 14 బూతుల వరకు కలిపి లెక్క చూపే టోటలైజర్ పెట్టమని ఎన్నికల కమిషన్ 2008లోనే అడిగింది, లా కమిషన్ 2015లో సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు.

తనిఖీ కావాలి, చాటూ కావాలి, రెండూ ఎట్లా అంటారు. చీటీల లెక్క హాల్లో ఏజెంట్ల ముందు జరగాలి, బయటికి ప్రకటించేది మాత్రం కొన్ని బూతులు కలిపిన అంకె కావాలి. హాల్లో పెద్ద ఊరి ఏజెంటు కూడా ఉంటాడు గదా అని వెనకనుంచి ఒక తమ్ముడు అంటున్నాడు. నిజమే, ఉంటాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాని ఒకడి నోటి మాట వేరు, అచ్చులో దొరికే కాగితం వేరు. 17సి మొదటి భాగంలో మాత్రం ఆ భయమే లేదు. అందులో ఎన్ని ఓట్లు పడినయో ఉంటుంది గాని, ఎవరికి పడినయో ఉండదు. దాన్ని తీసుకోవడానికి ఎవరూ జంకనక్కరలేదు.

ఇక పనిలోకి వద్దాం. పోలింగుకు గంటన్నర ముందే బూతులో ఉండాలి. నమూనా పోలింగులో 50 ఓట్లన్నా వేసి చూపించి, వాటిని చెరిపి, ఆ చీటీలు తీశాకే అసలు పోలింగ్ మొదలుపెట్టాలి. అది కళ్ళారా చూడండి. 17సి నకలు చేతికి రాకుండా సంతకం పెట్టొద్దు. కౌంటింగ్ బల్ల దగ్గర కూర్చునే మన మనిషికి ఆ నకలు ముందురోజే చేరాలి. మిషన్ చూపే మొత్తం దాంతో కలవకపోతే అక్కడే రాసివ్వాలి. మళ్ళీ లెక్కబెట్టమని అడగాలన్నా, ఫలానా బూతు చీటీలు లెక్కబెట్టమని అడగాలన్నా, ఆఫీసరు ఫలితం కాగితం మీద సంతకం పెట్టకముందే, కారణం రాసి అడగాలి. చీటీలకూ మిషన్‌కూ తేడా వస్తే చీటీల లెక్కే చెల్లుతుంది. హైకోర్టులో పిటిషన్ వేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోపే.

చదువు రాని అక్కలు కూడా ఏజెంట్లుగా కూర్చోవచ్చా అని పొద్దున ఒకరు అడిగారు. అంకెలు పోల్చగలిగితే చాలు. జర్మనీ రాజ్యాంగ కోర్టు 2009లో చెప్పింది కూడా అదే, లెక్క సరిచూడటానికి సామాన్యుడికి నిపుణుడి సాయం అవసరం కాకూడదని. పాల కేంద్రంలో లీటర్ల లెక్క వేలి కొసన చెప్పే అక్కలు మనకు ఎంతమంది లేరు! భోజనాలయ్యాక ఒక్కో పల్లె నుంచి ఇద్దరి పేర్లు రాయించండి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. 17సి నమూనా కాగితాలు తెచ్చాను, సాయంత్రం దాకా వాటినే నింపి చూద్దాం.