కట్ట కాపలా ఎవరిది?

(సూరత్ పరిధిలోని ఉన్‌లో తెలుగు కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మరమగ్గాల మీద, డైయింగు మిల్లులలో పనిచేసేవారి సభలో గనుల బురద కట్టల ప్రస్తావన దేనికని కొందరు మిత్రులు ప్రశ్నించారు. సమంజసమైన ప్రశ్నే. 2022 జనవరి 6 తెల్లవారుజామున, ఇక్కడికి దగ్గరలోని సచిన్ పారిశ్రామిక వాడలో, ఒక ట్యాంకరులోని రసాయన వ్యర్థాన్ని చాటుగా కాలువలో పారబోస్తుండగా విషవాయువు వెలువడింది. ప్రక్క మిల్లులోని ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ వ్యర్థం వారిది కాదు. దాని వెనుకనున్న లాభమూ వారిది కాదు. చావు మాత్రం వారి పాలయింది. గనులలో ఇదే అన్యాయం కొండంత ప్రమాణంలో జరుగుతున్నది.

గనిలో తీసిన రాతిని పిండి చేసి, లోహాన్ని వేరు చేసిన పిమ్మట మిగిలేది నీటితో కలిసిన మెత్తని బురద. దానినే టెయిలింగ్స్ అంటారు. దానిని కట్ట వెనుక నిలువ చేస్తారు. చెరువు కట్టను ఒకసారి కట్టి ముగిస్తారు. ఈ కట్ట మాత్రం గని నడిచినంతకాలం పెరుగుతూనే ఉంటుంది. ఖర్చు తగ్గించుకొనదలచిన యజమాని నిన్నటి బురదనే పునాదిగా చేసుకొని, దానిపై నేటి కట్టను లేపుతాడు. లోపలి నీరు ఇంకిపోక నిలిచినట్లయితే, ఆ బురద ఒక్కసారిగా పట్టు విడిచి ద్రవమై దూకుతుంది. గని మూతపడినా ఈ ముప్పు మూతపడదు.

మన కళ్ళెదుటి ఉదాహరణ కోలార్ బంగారు గనులు. చిత్తూరు జిల్లా సరిహద్దున ఉన్న ఆ గనులలో మన తెలుగువారు తరతరాలుగా శ్రమించారు. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ అక్కడ బంగారాన్ని త్రవ్వించింది. 1956లో గనులు జాతీయమయ్యాయి. 2001లో మూతపడ్డాయి. బంగారం తరలిపోయింది, సయనైడు గుట్టలు మాత్రం ఆ ఊరి నెత్తిన మిగిలాయి. వేసవి గాలికి ఆ ధూళి నేటికీ కార్మికుల ఇళ్ళ మీదికి వస్తున్నది.

ఇక బ్రెజిల్ దేశపు బ్రుమాజిన్యో సంగతి చూడండి. గని యజమాని వాలే సంస్థ ఒకనాటి ప్రభుత్వరంగ సంస్థ. 1997లో ప్రైవేటు పరమయింది. 2019 జనవరి 25 మధ్యాహ్న భోజన వేళ, 86 మీటర్ల ఎత్తు గల బురద కట్ట కూలిపోయింది. 270 మంది బలి అయ్యారు. చనిపోయినవారిలో అత్యధికులు గని కార్మికులే. వారి క్యాంటీను, కార్యాలయం ఆ కట్ట దిగువనే ఉన్నాయి. ప్రమాద సూచకమైన సైరను మ్రోగలేదు. కట్ట సురక్షితమని కొన్ని నెలల క్రితమే యోగ్యతాపత్రం ఇచ్చినది, యజమానియే నియమించుకొన్న ఒక తనిఖీ సంస్థ.

మన దేశమూ ఇందుకు మినహాయింపు కాదు. 2019 ఏప్రిల్ 9న ఝార్ఖండ్‌లోని మురిలో హిండాల్కో అల్యూమినా కర్మాగారపు ఎర్ర బురద గుట్ట జారి చుట్టుప్రక్కల నేలను ముంచెత్తింది. ఇటువంటిదే బూడిద కట్ట కూడా. 2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి జిల్లాలో సాసన్ విద్యుత్ కేంద్రపు బూడిద కట్ట తెగి ఆరుగురు మరణించారు.

మరి చట్టం ఏమంటున్నది? పార్లమెంటు 2021లో ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. కాని అందులో ఆనకట్ట అనగా నదులపైన, ఉపనదులపైన నీటిని నిలుపుటకో, మళ్ళించుటకో కట్టినదని నిర్వచనం. నదికి దూరంగా బురదను నిలిపే కట్ట ఆ నిర్వచనంలో ఇమడదు. 2020లో వెలువడిన ప్రపంచ ప్రమాణాలు మెచ్చుకోదగినవే. అయితే అవి కంపెనీల అంగీకారంపై ఆధారపడినవి, చట్టం కావు.

ప్రభుత్వ యాజమాన్యమైతే అన్నీ సరిపోతాయని మేము అనడం లేదు. 1966 అక్టోబరు 21న వేల్స్ దేశపు అబర్‌ఫాన్‌లో పాఠశాలపై బొగ్గు వ్యర్థపు గుట్ట విరుచుకుపడి 144 మంది మరణించారు; వారిలో 116 మంది పిల్లలు. ఆ గని జాతీయ బొగ్గు బోర్డుది. యజమాని ఎవరైనా, తన పనిని తానే తనిఖీ చేసుకొన్నచోట భద్రత ఉండదు. ప్రైవేటు యజమాని విషయంలో దీనికి లాభాపేక్ష తోడవుతుంది, అంతే తేడా.

మీలో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుండి వచ్చినవారు. ఊరి చెరువుకు నీరటికాడు ఉండేవాడని మీకు తెలుసు. వానాకాలపు రాత్రి కట్టపై తిరిగి, ఎలుక బొరియను, చెమ్మను, తూము వద్ద ఊటను కనిపెట్టేవాడు అతడే. అతని కూలి ఏ ఒక్క ఆసామి చేతిలోనూ లేదు. ఆయకట్టు రైతులందరూ కళ్ళంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. కట్ట క్రింద బ్రతికేవారే కట్ట కాపలాదారును పోషించారు. కాబట్టి అతడు ఎవరికీ జంకకుండా, గండి పడుతున్నదని కేక వేయగలిగాడు. నేడు బురద కట్టపై కాపలాదారు యజమాని జీతగాడు. కేక వేస్తే అతని కాంట్రాక్టు పోతుంది.

కావున మేము కోరేది ఇది. తనిఖీ ఖర్చు యజమాని భరించాలి. తనిఖీదారును మాత్రం ప్రభుత్వం ఎంపిక చేయాలి. నివేదిక స్థానిక భాషలో గ్రామ పంచాయతీలోనూ, గని ద్వారం వద్దనూ అతికించాలి. కట్ట దిగువన క్యాంటీను గాని, నివాసాలు గాని ఉండరాదు. గని మూసిన తరువాతి సంరక్షణకు కావలసిన సొమ్మును త్రవ్వకానికి ముందే జమ చేయించాలి. కార్మికులు తామెన్నుకొన్న ప్రతినిధితో కట్టను పరిశీలింపజేసుకొనే హక్కు, ప్రమాదం కనబడినప్పుడు పని విడిచి తొలగే హక్కు 1995 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 176వ ఒడంబడికలో ఉన్నాయి. అవి కాంట్రాక్టు కార్మికునికి కూడా అక్షరాలా అమలు కావాలి.

మీ వంతు పనిని ఇక్కడే ప్రారంభించవచ్చును. మీ మిల్లు వ్యర్థం ఎటు పోతున్నది, దానిని మోసే ట్యాంకరు ఎక్కడ ఖాళీ అవుతున్నది అని యూనియన్ తరఫున వ్రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకుంటే మరల అడగండి. ఒక్కడుగా అడిగినవాని పని పోవచ్చును; అందరూ కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు. కట్ట క్రింద బ్రతికేవారి చేతికే కట్ట కాపలా రావాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!