రాతి మీద ఎవరి పేరు?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట రోమ్ గురించి మాట్లాడుకుందాం. ఎక్కడి రోమ్, ఎక్కడి మనం అని కొందరికి అనిపించొచ్చు. రెండువేల ఏళ్ళ కింద మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటినీ ఏలిన రాజ్యమది. దాని నాణేలు మన తెలుగు నేలలో కూడా దొరికాయి. మేం బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. పుస్తకంలో రోమ్ అంటే చక్రవర్తులు, తోరణాలు, స్తంభాలు. ఆ తోరణాన్ని ఎవరి సొమ్ముతో కట్టారు, దాని మీద ఎవరిని చెక్కారు, ఎవరిని చెక్కలేదు అని పుస్తకం అడగదు. మనం అడుగుదాం.

స్మారక కట్టడానికి లాటిన్ భాషలో 'మోనుమెంతుమ్' అని పేరు. 'మోనేరె' అనే మాట నుంచి పుట్టింది. దానికి గుర్తుచెయ్యడం అనీ అర్థముంది, హెచ్చరించడం అనీ అర్థముంది. గెలిచినోడికి గుర్తు, ఓడినోడికి హెచ్చరిక. ఒకే రాయి రెండు పనులూ చేస్తుంది.

క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ జెరూసలేం నగరాన్ని ముట్టడించి కూల్చాడు. యూదుల దేవాలయం తగలబడిపోయింది. తర్వాత అతనే చక్రవర్తి అయ్యాడు. 81లో అతను చనిపోయాక రోమ్ నడిబొడ్డున అతని పేర తోరణం లేచింది. ఇవాళ్టికీ నిలబడే ఉంది. లోపలి గోడ మీద చూడండి: దేవాలయంలో దోచిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు భుజాల మీద మోసుకుపోతున్నారు. కొలోసియం అనే పెద్ద క్రీడాస్థలం కూడా ఆ యుద్ధంలో దోచిన సొమ్ముతో కట్టిందేనని అక్కడి శాసనం ఆనవాళ్ళు చదివిన పండితులు అంటున్నారు. అంతటితో ఆగలేదు. నాణేల మీద ఈతచెట్టు లాంటి చెట్టు కింద కూచుని ఏడుస్తున్న ఆడమనిషి బొమ్మ అచ్చేశారు. ఆమె ఓడిపోయిన యూదయా దేశం. రొట్టె కొనడానికి పోయినోడి చేతిలో కూడా ఆ ఓటమే.

టైటస్‌కి ఇంకో తోరణం కూడా ఉండేది. అది కూలిపోయింది గానీ దాని మీది రాతను పాతకాలం వాళ్ళు రాసి పెట్టుకున్నారు. జెరూసలేంను అంతకుముందు ఏ రాజూ, ఏ జాతీ గెలవలేకపోయిందని అందులో ఉంది. పచ్చి అబద్ధం! ఆరువందల ఏళ్ళకు పైగా ముందే బాబిలోన్ రాజు ఆ నగరాన్ని కొల్లగొట్టాడు. అంతెందుకు, క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపేయే దాన్ని పట్టుకున్నాడు. అంటే తమ చరిత్రనే తాము దాచి రాయించుకున్నారన్నమాట. రాతిలో ఉంది గదా, నిజమే అయివుంటుందనుకునే వాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక స్పార్టకస్ సంగతి. క్రీ.పూ. 73లో కాపువా పట్టణంలో కత్తి ఆటల కోసం పెంచిన బానిసలు తప్పించుకున్నారు. వేలమంది వాళ్ళతో కలిశారు. రెండేళ్ళపాటు రోమన్ సైన్యాలను ఓడించారు. 71లో ఓడిపోయారు. పట్టుబడ్డ 6000 మందిని కాపువా నుంచి రోమ్ దాకా రోడ్డు పొడవునా శిలువ వేశారు. ఆ తిరుగుబాటుకు రోమ్‌లో తోరణం కట్టలేదు. బానిసల మీద గెలవడం గొప్పగా చెప్పుకునే గెలుపు కాదట! అందుకే గెలిచిన క్రాసస్‌కు పెద్ద విజయోత్సవం ఇవ్వకుండా చిన్న ఊరేగింపుతో సరిపెట్టారు. అణిచినోళ్ళు ఆ శవాలనే హెచ్చరికగా నిలబెట్టారు. రాతిలో పేరు మాత్రం దక్కనియ్యలేదు.

పేరు దక్కనియ్యకపోవడం ఒక ఎత్తు, ఉన్న పేరు చెరిపెయ్యడం ఇంకో ఎత్తు. 203లో సెప్తిమియుస్ సెవెరుస్ చక్రవర్తికీ, అతని ఇద్దరు కొడుకులకూ తోరణం కట్టారు. తండ్రి చచ్చిన 211లోనే పెద్దకొడుకు కారకల్లా తమ్ముడు గేతాను చంపించాడు. ఊరూరా గేతా పేరు చెక్కేశారు, బొమ్మలు పగలగొట్టారు. ఆ తోరణం మీద కూడా గేతా పేరు తీసేసి పొగడ్త మాటలు నింపారు. అయితే మొదటి కంచు అక్షరాలు బిగించిన మేకుల గుంటలు అట్లాగే ఉండిపోయాయి. ఆ గుంటలు చూసి చదువుకున్నోళ్ళు ఇవాళ పాత పేరు చదవగలుగుతున్నారు. చెరిపిన చోట మచ్చ మిగులుతుంది. దాన్ని చూసే కన్ను కావాలి.

మరి చాకిరి చేసినోళ్ళు ఏం చేశారు? ఊరకే కూచోలేదు. రోమ్‌లో పోర్తా మజ్జోరె దగ్గర యూరిసాకెస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి ఉంది. పేరును బట్టి అతను విడుదలైన బానిస అయివుంటాడని పండితుల ఊహ. సమాధి మీద దేవుళ్ళు లేరు, యుద్ధాలు లేవు. పిండి విసరడం, పిసకడం, పొయ్యిలో కాల్చడం, రొట్టెలు తూచడం చెక్కించాడు. చేసిన పనికి సిగ్గుపడలేదు. తర్వాత కాలంలో ఆ సమాధిని కోట బురుజులో కలిపేసి మూసేశారు. 1838లో బురుజు పడగొడితే మళ్ళీ బయటపడింది.

అందరికీ అంత డబ్బు ఎక్కడిది? అందుకే సంఘం పెట్టుకున్నారు. ఇది మన కార్యకర్తలు బాగా వినాలి. రోమ్ దగ్గర లనూవియుమ్ అనే ఊళ్ళో 136 నాటి ఒక శాసనం దొరికింది. అది చావు ఖర్చుల సంఘం నిబంధనలు. చేరడానికి 100 సెస్టెర్స్‌లు, ఒక జాడీ మంచి ద్రాక్షసారా. నెలనెలా చందా 5 ఆస్‌లు. నాలుగు ఆస్‌లు ఒక సెస్టెర్స్. సభ్యుడు చనిపోతే అంత్యక్రియలకు సంఘం 300 ఇస్తుంది. ఆ కాలంలో సిపాయి ఏడాది జీతం 1200. అంటే కటిక పేదవాడికి ఆ చేరిక రుసుము కూడా బరువే. అయినా అందులో బానిసలూ సభ్యులే.

ఆ నిబంధనల్లో ఒకటుంది. సభ్యుడైన బానిస చనిపోతే, యజమాని పంతానికి పోయి శవాన్ని ఇవ్వకపోతే ఏం చెయ్యాలి? బొమ్మ పెట్టి అయినా అంత్యక్రియలు చెయ్యాలి అని రాసుకున్నారు. శవం దొర చేతిలో ఉంది. మనిషిని తలుచుకునే హక్కు మాత్రం సంఘం చేతిలో ఉంది! చక్రవర్తి తోరణానికి లూటీ సొమ్ము కావాల్సొచ్చింది. వీళ్ళకు నెలకు 5 ఆస్‌ల చందా, మాట తప్పని సంఘం సరిపోయాయి. ఆ నిబంధనలు కూడా రాతి మీదే చెక్కించుకున్నారు కాబట్టే 1900 ఏళ్ళ తర్వాత మనం చదువుతున్నాం.

కాబట్టి మిత్రులారా, ఏ విగ్రహం ముందు నిలబడ్డా నాలుగు ప్రశ్నలు వెయ్యండి. డబ్బు ఎవరిది? చెమట ఎవరిది? పేరు ఎవరిది? చెరిపింది ఎవరిని? ఇంటికి పోయాక ఒక నోటుబుక్కు తియ్యండి. మన వాడలో బావులు తవ్వినోళ్ళు, చెరువు కట్టలు పోసినోళ్ళు, దెబ్బలు తిన్నోళ్ళు ఎవరెవరో పెద్దవాళ్ళను అడిగి పేరు, ఊరు, చేసిన పని రాయండి. ముసలమ్మలను ముందు అడగండి, వాళ్ళకు ఎక్కువ గుర్తుంటాయి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకం తెచ్చి అందరి ముందూ చదవండి.