బొగ్గుగనుల నేలపై ప్రజాకళాకారులు

గోదావరిఖని, రామగుండం ప్రాంతపు సింగరేణి గనులకు బతుకుదెరువు కోసం తరలివచ్చిన పల్లె జనం మల్లన్న, బీరప్పల గాథలను డోలు, తాళాలతో ఆడి పాడే ఒగ్గుకథకూ, డప్పు దరువుకూ అలవాటుపడినవారే కావడంతో, కార్మికవాడల్లో ఉద్యమ కళకు శ్రోతలు ముందే సిద్ధంగా ఉన్నారనవచ్చు.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ ప్రచారానికి మలచగా, 1972లో రూపుదిద్దుకున్న జననాట్యమండలి పల్లె బాణీలనే తీసుకొని వాటిలో భూమిని, కూలిని, శ్రామికుడి ఆత్మగౌరవాన్ని నిలిపింది. గొంగడి, కాలిగజ్జెలు, చేతికర్రతో ఆ మండలి గాయకుడు గద్దర్ వేదికనెక్కి చరణం ఎత్తుకోగా, వెనుక నిలిచిన బృందం, అంటే వంతపాటగాళ్లు, దానిని అందుకొని మళ్లీ పాడేవారు. అక్షరం రాని శ్రోత కూడా కాసేపటికే గొంతు కలపగలిగే ఈ పద్ధతిలోనే ఆ కళ బలమంతా ఉంది, కరపత్రానికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, అనగా పాట, ఆట, మాట కలగలిసిన బహిరంగ సభ, ప్రత్యేక తెలంగాణ రాష్ట్ర ఆకాంక్షను ఊరూరా చేర్చింది. ఆ రాష్ట్రం కోసమే 2011 సెప్టెంబరు 13న ఆరంభమైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు విధులు బహిష్కరించగా బొగ్గు ఉత్పత్తి పడిపోయి, విద్యుత్ కొరత ఏర్పడింది. ఆ బహిష్కరణ పాటల వల్లనే జరిగిందనడం అతిశయోక్తే; సంఘాల నిర్మాణం లేనిదే సమ్మె సాగదు, అయితే నెల దాటినా పట్టు సడలని ఆ సమ్మెకు కావలసిన ఉత్సాహాన్ని శిబిరాల్లో నిలిపినవారిలో కళాకారులు ముఖ్యులు.

రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ సాంస్కృతిక సారథి అనే సంస్థ ద్వారా పలువురు కళాకారులు ప్రభుత్వ జీతగాళ్లై పథకాల ప్రచారం చేపట్టడంతో, జీతమిచ్చే పాలకులను ఆ గొంతు ఎంతవరకు ప్రశ్నించగలదన్న కొత్త వాదం తలెత్తింది.