స్పార్క్ ఎగ్జిక్యూటర్‌కి మెమరీ ఎంత ఇవ్వాలి?

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: "క్లౌడ్‌లో 32 జీబీ మెషీన్ తీసుకున్నాం, స్పార్క్ ఎగ్జిక్యూటర్‌కి 16 జీబీ ఇచ్చాం. రెండు పట్టాలి కదా, ఒక్కటే లేస్తోందేంటి?"

పట్టవండీ. మీరు రాసిన 16 జీబీ జావా హీప్‌కి మాత్రమే. దాని మీద ఓవర్‌హెడ్ అని ఇంకో 10 శాతం, కనీసం 384 ఎంబీ, స్పార్క్ తనే కలిపి అడుగుతుంది. అంటే ఒక్కోటి 17.6 జీబీ. రెండోదానికి చోటు లేదు. మిగతా 14 జీబీ ఖాళీగా పడి ఉంటుంది, బిల్లు మాత్రం మొత్తం మెషీన్‌కి వస్తుంది. అదే 12 ఇచ్చి చూడండి: 13.2 చొప్పున రెండూ పడతాయి, సిస్టమ్‌కి కూడా కాస్త మిగులుతుంది.

పైస్పార్క్ వాళ్ళకి ఇంకో తలనొప్పి. మీ పాండాస్ యూడీఎఫ్ నడిచేది హీప్‌లో కాదు, పక్కనుండే పైథాన్ ప్రాసెస్‌లో. అది తినేది ఆ ఓవర్‌హెడ్‌లోంచే. రాత్రి జాబ్ 137 కోడ్‌తో చచ్చిపోగానే చాలామంది హీప్ పెంచేస్తారు. ఖర్చు పెరుగుతుంది, జాబ్ మళ్ళీ పడిపోవచ్చు. ఎందుకంటే అక్కడ సాధారణంగా దాటింది కంటైనర్ పరిమితి. లాగ్‌లో "జావా హీప్ స్పేస్" అని కనిపిస్తే హీప్ పెంచండి. 137 అయితే ముందు మెమరీ ఓవర్‌హెడ్ సెట్టింగ్ చూడండి. హీప్‌లోంచే రెండు జీబీ తీసి అటు ఇచ్చినా చాలాసార్లు సరిపోతుంది. కుబర్నెటిస్‌లో పైథాన్ జాబ్‌లకి ఓవర్‌హెడ్ డిఫాల్ట్‌గానే 40 శాతం, కాబట్టి ఇందాకటి 12 జీబీ లెక్క అక్కడ కుదరదు, మళ్ళీ వేసుకోవాలి.

షఫుల్ పార్టిషన్ల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి.