ప్రాణరక్షణముతో ముగియని పని
(పఠనమందిరమున గావించిన ప్రసంగము)



శీతోష్ణస్థితి మార్పు దేశదేశముల మహాసభలలో చర్చింపదగిన విషయమని మనము తలంచుచుందుము. కాని దాని భారము మోయవలసినది ముందుగ రాష్ట్రప్రభుత్వమే. మన పొరుగున నున్న ఒడిశా యిందుకు నిదర్శనము.

1998 వేసవిలో అచట వడదెబ్బవలన రెండువేలమందికి పైగా మరణించిరి. మరుసటి యేడు అక్టోబరు 29న వచ్చిన పెనుతుపాను సుమారు పదివేలమందిని బలిగొనెను. ఆ దుఃఖమే ప్రభుత్వమునకు గురువయ్యెను. విపత్తుల నెదుర్కొనుటకు 1999లోనే ప్రత్యేకసంస్థ యేర్పడెను. తీరమున ఆశ్రయభవనములు లేచెను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూరుకడ తీరము దాటకమునుపే సుమారు పదిలక్షలమందిని తరలించిరి. మృతులసంఖ్య యేబదికి లోపలనే నిలిచెను.

సముద్రము వేడెక్కినకొలది తుపానులు బలియును. ఇది గుర్తించి ఆ ప్రభుత్వము 2010లో కార్యప్రణాళికను రచించెను. ఏ శాఖ వ్యయము ఇందుల కెంత తోడ్పడునో లెక్కగట్టి 2020లో ప్రత్యేకపత్రమును ప్రకటించెను.

అయినను కేంద్రపడా జిల్లాలోని సాతభాయా సంగతి వినుడు. అచటి గ్రామములను సముద్రము క్రమముగ మ్రింగివేసెను. మిగిలిన కుటుంబములను 2018లో బాగపటియాకు చేర్చి ఇంటిస్థలము లిచ్చిరి. కడలిపాలైన పొలము నెవరు తెచ్చి యీగలరు?

మనుష్యుని బ్రతికించుట సగము పని. బ్రతుకుతెరువు నిలుపుట తక్కిన సగము. ఆ కడలియే మన ఉప్పాడలో ఇండ్లను కూల్చుచున్నది. కావున మన ప్రభుత్వమును మనమడుగవలసిన ప్రశ్న యొక్కటే: మీ లెక్కలలో ప్రాణముతోపాటు పొలమునకు, పడవకు, వలకు పద్దు కలదా?