కారు పోయినా బాకీ పోదు

అమెరికాలో వాయిదాలు ఆగితే ఫైనాన్స్ కంపెనీ కారు పట్టుకుపోతుంది. పీడ వదిలిందనుకుంటాం. వదలదు. 20,000 డాలర్ల బాకీ ఉన్న బండి వేలంలో 12,000 పలికిందనుకోండి, తక్కిన 8,000, పైగా బండిని లాక్కెళ్లిన ఖర్చులూ మన నెత్తినే.

అప్పుడే దివాలా ఆలోచన వస్తుంది. దివాలా చట్టంలోని చాప్టర్ 7 కింద ఆ మిగులు బాకీ సాధారణంగా రద్దవుతుంది, అమ్ముడైన కారు మాత్రం రాదు. కారే కావాలంటే అది అమ్ముడుపోకముందే చాప్టర్ 13 వేసి, 3 నుంచి 5 ఏళ్లు కోర్టు ఒప్పుకున్న లెక్కన కట్టుకోవాలి. చాప్టర్ 7 మచ్చ క్రెడిట్ రిపోర్టులో 10 ఏళ్ల దాకా ఉంటుంది. ఈ ఒక్క బాకీకే దివాలా తీయడం, నన్నడిగితే, తొందరపాటు. ముందు కంపెనీతో బేరమాడండి.

అన్నట్టు, ఈ అప్పుకు మీ బావమరిది హామీ సంతకం పెట్టి ఉంటే, ఆయన్ని చాప్టర్ 7 కాపాడదు. కాగితాలు వేసేముందే ఆయనకో మాట చెప్పండి.